కెల్విన్ వండిన పెలావు

1981. కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు. అక్కడి మెస్‌లో నేను వంటవాణ్ణి. మాది రాయచోటి. రెండొందల మందికి ‘పోర్షన్’ లెక్కన, అంటే మనిషికింత అని కొలిచి పెట్టేవాణ్ణి. ముఖాలు తెలిసేవి గానీ పేర్లు తెలిసింది తక్కువ.

కెల్విన్ వెస్టిండీస్ దీవి ట్రినిడాడ్ నుంచి వచ్చిన వెల్డర్. ఆ దేశంవాడు క్యాంపులో అతనొక్కడే. వారం రోజులుగా సరిగా తినడం లేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

“అమ్మ పోయింది భాయ్. ఉత్తరం చేరేసరికే నెల దాటింది.”

“ఏమన్నా వండిపెట్టేదా?” అన్నాను.

“నేనే వండుకుంటా. ఒక్క స్టవ్ ఇస్తావా?”

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. ఫహాహీల్ బజారులో కోడి, కొబ్బరికాయ దొరికాయి గానీ అందులో వెయ్యాల్సిన ఒక రకం గింజ దొరకలేదన్నాడు. చెట్టు మనిషెత్తు ఉంటుందని, కాయలో నాలుగైదు గింజలుంటాయని చేతులతో చూపించాడు. నాకు అనుమానమొచ్చి, మా ఇంటామె పంపిన మూట విప్పి కందులు చూపించాను.

“ఇవే!” అని దోసిట్లోకి తీసుకున్నాడు.

ముందు కందులు ఉడకబెట్టాడు. తర్వాత నూనెలో చక్కెర వేశాడు. అది నల్లబడి పొగ లేస్తుంటే, మాడిందని గిన్నె దించబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు. రంగొచ్చేది అందులోంచే.”

కోడి ముక్కలు వేసి తిప్పాడు. బియ్యం, కందులు వేసి కొబ్బరిపాలు పోశాడు. పేరు పెలావు అన్నాడు.

“మా పులావులాగే ఉందే.”

“మీదేనంటారు. చెరుకు తోటల్లో పనికి ఓడల్లో వచ్చిన మీవాళ్లు తెచ్చారంట. చక్కెర మాడ్చడం ఆఫ్రికా నుంచి వచ్చిన మా పెద్దలదంట. ప్రతి ఆదివారం అమ్మ గరిటె తిప్పుతూ ఇదే చెప్పేది.”

రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. కుదరలేదా అన్నాను.

“అమ్మ చేసినట్టే ఉందనుకుంటున్నా. అవునని చెప్పేందుకు ఇక్కడ ఎవరున్నారు భాయ్?”

నేనూ పళ్లెంలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. “ఆమె ఎట్లుండేదో చెప్పు” అన్నాను. సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజా వినబడేదాకా చెప్పాడు. మధ్యలో నవ్వాడు, ఏడ్చాడు, పళ్లెం ఖాళీ చేశాడు. ఆఖర్న, “మీ అమ్మ ఏం వండేది?” అన్నాడు. నాలుగేళ్లలో నన్నెవరూ అడగని మాట అది.

కొన్ని నెలలకు కాంట్రాక్టు అయిపోయి అతను వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు.

ఆ తర్వాత మెస్‌లో పనిచేసినన్నాళ్లూ, ఎవరన్నా బల్ల చివర ఒంటరిగా తింటుంటే వెళ్లి ఎదురుగా కూర్చునేవాణ్ణి. కొందరు మాట్లాడేవాళ్లు. కొందరు తలొంచుకుని తినేవాళ్లు. వాళ్లు చెయ్యి కడుక్కునేదాకా నేను మాత్రం లేచేవాణ్ణి కాదు.