మా ఇంటిపేరు బ్యారన్

ఇంటిపేరు విషయంలో నేను పట్టిన పట్టు వల్ల మా మనవరాలి పెళ్ళి మూడు నెలలు ఆగిపోయింది. రేపు మరో ఇంట్లో మరో పెద్దమనిషి ఇదే పొరపాటు చేయకుండా ఉండాలంటే, జరిగింది జరిగినట్లు రాసి ఉంచడం నా బాధ్యత.

గుంటూరు కాలేజీలో ఇంగ్లీషు బోధించినంతకాలం, స్మిత్ అనే ఇంటిపేరు గురించి విద్యార్థులకు తప్పక చెప్పేవాణ్ణి. స్మిత్ అంటే కమ్మరి. పూర్వం ఇంగ్లండులో ఊరూరా కమ్మరి ఉండేవాడు. అతను చేసే పనే పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి స్మిత్‌లందరూ ఒక్క మూలపురుషుడి సంతానం కారు.

మా ఇంటిపేరూ ఇంగ్లీషు మాటే, 'బార్న్' నుంచి వచ్చింది. పచ్చి పొగాకును వేడిమీద ఆరబెట్టే ఎత్తైన గదిని మా ఒంగోలు ప్రాంతంలో బ్యారన్ అంటారు. మా ఊళ్ళో మొదటిది కట్టించినవారు మా తాతగారు. పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకును కర్రలకు కట్టేవారు. వాళ్ళ చేతులకు అంటిన నల్లని జిగురు ఎన్ని నీళ్ళు పోసినా వదిలేది కాదు. నాయనమ్మ బ్యారన్ పొయ్యి బూడిదలో చిలగడదుంపలు పూడ్చేది. ఆకు పసుపు రంగుకు తిరిగేటప్పుడు లేచే తియ్యటి వాసన మా బట్టలకూ పుస్తకాలకూ పట్టేసేది. ఆ వాసన వచ్చే ఇల్లు మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు.

నన్ను బడిలో వేసిన రోజున పంతులుగారు ఇంటిపేరు అడిగారు. నాన్న నోరు విప్పేలోగానే పక్కనున్నవాళ్ళు, "బ్యారనోళ్ళ పిల్లోడండీ!" అన్నారు. పంతులుగారు రిజిస్టరులో అదే రాశారు. తాతగారి దస్తావేజుల్లో ఉన్న అసలు ఇంటిపేరు ఆనాటితో మరుగున పడింది.

కిందటేడు మనవరాలు తనకు నచ్చిన అబ్బాయి గురించి చెప్పింది. పొదిలి వైపువాళ్ళు. వాళ్ళ ఇంటిపేరూ బ్యారనే.

"అన్నాచెల్లెళ్ళ వరస. కుదరదు," అన్నాను.

"గోత్రాలు వేరు కదా తాతయ్యా?"

"ఇంటిపేరు ఒకటైనాక గోత్రంతో పనిలేదు."

"అయితే మీ స్మిత్‌లంతా అన్నదమ్ములేనన్నమాట! పాపం, వాళ్ళకి పెళ్ళిళ్ళెలా అయ్యాయో!"

అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె మరో సంబంధం చూడనివ్వలేదు, నాతో మాట్లాడడమూ మానేసింది. ఆ మౌనం భరించలేక చివరికి నేనే బస్సెక్కి అబ్బాయి వాళ్ళ ఊరు వెళ్ళాను. అబ్బాయి నాయనమ్మ నా సందేహం విని పకపకా నవ్వింది.

"బాగుందండీ మాస్టారూ! మా మామగారు బ్యారన్ కట్టబట్టే ఆ పేరొచ్చింది. అంతకుముందు మమ్మల్ని మునగచెట్టోళ్ళనేవాళ్ళు. బ్యారన్లో పొగాకు కాల్చినోళ్ళంతా చుట్టాలైపోతే, ఒంగోలు నుంచి పొదిలి దాకా ఒక్కళ్ళకీ పెళ్ళి కాదు!"

ఇంటికి రాగానే మనవరాలిని పిలిచి, "పొరపాటు నాదేనమ్మా. వాళ్ళను రమ్మను," అన్నాను.

"మళ్ళీ మాట మారిస్తే మాత్రం ఊరుకోను తాతయ్యా," అంది. కళ్ళు తుడుచుకుంటూనే ఫోను అందుకుంది.

వచ్చే నెలలో లగ్నపత్రిక రాసుకుంటున్నాం. పై విషయాలు చాలావరకు నా జ్ఞాపకం మీద ఆధారపడి రాసినవే. మా రెండు ఊళ్ళ సంగతులు తెలిసిన పెద్దలు ఇందులో తప్పులు కనిపిస్తే దయచేసి దిద్దవలసిందిగా కోరుతున్నాను. మా రెండు కుటుంబాలకు రక్తసంబంధం ఉన్నట్లు రుజువు చూపగలవారు ఎవరైనా ఉంటే, పత్రిక రాసుకునే లోపే తెలియజేయండి. కేవలం ఇంటిపేరు ఒకటే అనే అభ్యంతరమైతే, దానికి జవాబు పైన రాశాను.