పంటిలో కుక్కిన లవంగం

రాస్తున్నావా బిడ్డా? నెమ్మదిగా చెప్తాను, ఏదీ వదలకు.

ఎడమవైపు కింద నాకు మిగిలింది ఒక్క దవడ పన్ను. కట్టుడు పళ్ల సెట్టు తీగ దాన్నే పట్టుకుని ఉంటుంది. అది పోతే సెట్టు నిలవదు, నేను జొన్నరొట్టె మాట మరిచిపోవాల్సిందే. అందుకే కార్ఖానా బస్తీలో పళ్ల డాక్టరమ్మ దగ్గర రూట్ కెనాల్ మొదలుపెట్టించుకున్నాను. మొదటిసారి లోపల కడిగి, పైన తెల్ల సిమెంటు పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి పంపింది.

నాలుగో రోజు నొప్పి లేచింది. అప్పుడు నేను చేసిన పని మీ అమ్మకు కూడా చెప్పలేదు. పిన్నీసుతో ఆ సిమెంటు గీకేసి, లవంగం నలగ్గొట్టి రంధ్రంలో కుక్కాను. మా అమ్మ అలాగే చేసేది. మర్నాటికి బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. అసలే షుగరున్న ఒళ్లు. అద్దంలో చూసుకోగానే మీ అమ్మను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"సిమెంటు ఏడవోయిందమ్మా?" అంది డాక్టరమ్మ.

"తింటుంటే ఊడింది," అన్నాను.

మందులతో వాపు తగ్గాక మళ్లీ కుర్చీలో పడుకోబెట్టింది. "క్రిములు సన్నటి సందుల్ల దాక్కున్నయ్. మామూలు మందుతోని కడిగి, తర్వాత నానో వెండి రేణువులున్న నీళ్లు కొడ్త. కంటికి కనవడనంత చిన్నగుంటయ్, ఆ సందుల్లకు సుత పోతయంటున్నరు. కొత్తది, గ్యారంటీ ఇయ్యలేను. తగ్గకపోతే పన్ను పీకుడే."

"గంత చిన్నగుంటే మెదడుకు ఎక్కయా?"

"పంట్లకెళ్లి మెదడుకు సొరంగమేం లేదమ్మా. నొప్పైతే చెయ్యి లేపుండ్రి."

నోటి మీద రబ్బరు గుడ్డ బిగించింది. ఇక మాట రాదు. నీళ్లు కొట్టే సూది దగ్గరికొస్తుంటే నాకు లవంగం గుర్తొచ్చింది. ఆ నీళ్లు దాన్ని వేరు కిందికి తోసేస్తే? చెయ్యి లేపాను.

"నొప్పా?" కాదని తల ఊపాను.

"మంటా? మరేందమ్మా, బాత్రూమా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. గుడ్డ తీసింది.

"లవంగం పెట్టిన బిడ్డా. సిమెంటు నేనే తీసిన, పిన్నీసుతోని."

"అత్తమ్మా! పిన్నీసా?" అని మీ అమ్మ లేచి నిలబడింది. డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు. మళ్లీ ఎక్స్‌రే తీసి, వెంట్రుకంత సన్నటి ముల్లుతో చాలాసేపు తవ్వి, నల్లటి పీచు ముక్క బయటికి లాగింది.

"ఇది ఉండంగ నీళ్లు కొడితే ఇంక లోపలికి జొచ్చేది. జెర ముందే చెప్పొద్దా?"

అప్పుడు మందుతో, ఆ వెండి నీళ్లతో కడిగి, మళ్లీ సిమెంటు పెట్టింది. "వారం చూద్దాం. వాస్తే దాచకుండ్రి."

ఇది మూడో రోజు. పొద్దున ముఖం కడుగుతుంటే బుగ్గ వెచ్చగా తగిలింది. ఎండకో, లోపలి నుంచో తెలియడం లేదు. రాసింది చాలు, మీ అమ్మను పిలువు బిడ్డా, చెయ్యి పెట్టి చూడమందాం.