ఒక్క ఆదివారం

తొంభైల చివర్లో ఒకసారి నరసాపురంలో భీమవరం వెళ్లే పాసింజరు ఎక్కాను. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ లేసు అల్లుకుంటూ కూర్చుంది. మెడలో నల్లతాడుకి చిన్న సిలువ ఉంది. మాటల్లో, భర్త పోయి నెల కూడా కాలేదని చెప్పింది.

"పెళ్లయినకాడ్నించీ ఆయన మారాలని ప్రార్థన చేశానమ్మా. తాగొచ్చి నా బైబిలు వీధిలోకి విసిరేసేవాడు. ఈ ముసలితనంలో, తనంతట తనే బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. గోదాట్లో ముంచి లేపితే చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వచ్చిన ఆదివారం నాతో కలిసి చర్చికి నడిచొచ్చాడు. గురువారం గుండె ఆగిపోయింది."

నాకు ప్రాణం ఉసూరుమంది. "దేవుడు మరీ ఇంత ఆలస్యం చేశాడేంటండీ?" అన్నాను.

"అలా అనకూడదమ్మా," అందావిడ నిబ్బరంగా. "దేవుడు ఆలస్యం చెయ్యలేదు. మా ఆయన నశించిపోకూడదని అన్నేళ్లూ ఓపిక పట్టాడు. ఇంకొకరైతే ఎప్పుడో విసుగొచ్చి వదిలేసేవారు."

మళ్లీ అల్లిక అందుకుంది. పాలకొల్లు దాటాక ఆవిడ చేతులు ఆగిపోయాయి. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ మెల్లిగా అడిగింది.

"ఆయన కోసం అన్నేళ్లు ఆగిన దేవుడు, నా కోసం ఇంకో నాలుగు ఆదివారాలు ఆగకూడదా అమ్మా?"

లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. భీమవరంలో నేను దిగబోతుంటే, పైట చెంగుతో కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడి మీద కోపం కాదమ్మా," అంది. "మా ఆయన మీద బెంగ."