కొల్లేటి గట్టున రష్యా అన్నయ్యగారు

"కిటికీ తెర తియ్యవే."

"తీశానండీ. మబ్బు పట్టింది, ఏం కనపడట్లేదు."

"సరేలే, రేపు చూద్దాం."

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్నవి ఈ మూడు ముక్కలే. ఏలూరు ఆసుపత్రిలో మంచం మీద ఆయన, పక్కన స్టూలు మీద నేను. తెల్లారేసరికి ఆయన లేరు. పోయేముందు మొగుడూ పెళ్ళాం ఏవో పెద్ద మాటలు చెప్పుకుంటారని అంటారు గానీ మేం మాత్రం వాన వస్తుందా రాదా అన్నట్టు ఆకాశం గురించి మాట్లాడుకున్నాం. ఆ ఒక్క రోజనేం కాదు, బతికినన్నాళ్ళూ ఆయనకి అదే గోల.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మొన్న సాయంత్రం మా వీధి వీధంతా మేడలెక్కేసింది. పూసలు గుచ్చినట్టు దీపాలు వరసకట్టి ఆకాశంలో పోతున్నాయని ఒకటే కేకలు. ఎగిరే పళ్ళాలని కొందరు, యుద్ధం వచ్చిందని కొందరు. నేనిప్పుడు ఉంటున్నది ఏలూరులో మా చెల్లెలి కూతురి దగ్గర. ఆ పిల్ల బడిలో టీచరు. ఫోన్‌లో చూసి, "ఉపగ్రహాలు పెద్దమ్మా, ఎవరో గుంపుగా వదిలారట" అని తేల్చేసింది. అందరూ దిగిపోయారు. నేను మాత్రం చీకటిపడేదాకా అక్కడే నిలబడ్డాను. పిల్ల మళ్ళీ పైకొచ్చి, ఎందుకు పెద్దమ్మా ఏడుస్తున్నావంటే ఏం చెప్పను? నువ్వు కాగితం తెచ్చుకో, నేను చెప్తాను అన్నాను. నాకు సంతకం పెట్టడం, బైబిల్లో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం తప్ప చదువు లేదు. నోరు మాత్రం ఉంది.

మా ఆయన వెల్డరు. పెళ్ళయిన కొత్తలో విశాఖపట్నం దగ్గర పెద్ద ఫ్యాక్టరీ కడుతుంటే అక్కడ పనిచేశారు. ఆ పని చూపించడానికి రష్యా నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళలో ఒకాయన, ఒడ్డూ పొడుగూ, ముఖం ఎండకి టమాటా పండులా ఉండేదట, మధ్యాహ్నం అన్నాల వేళ మా ఆయన పక్కన కూర్చునేవాడు. వచ్చీరాని ఇంగ్లీషు, చేతులు, నేల మీద సుద్దగీతలు, వీటితోనే వాళ్ళకి స్నేహం కుదిరింది. ఆకాశంలో తెలియని వెలుగులు కనిపిస్తాయనీ, వాటిని చూసినవాళ్ళ మాటలు కూడబెట్టేవాళ్ళు తమ దేశంలో ఉన్నారనీ, అదంతా గుట్టుగా చెయ్యాలనీ ఆయనే చెప్పాడు. మా ఆయనకి అప్పుడంటుకున్న పిచ్చి మరి వదల్లేదు. "వాళ్ళావిడ ఊరుకుంటుందాండీ?" అని అడిగాను. "నీకంటే ఎక్కువ తిడుతుందట" అన్నారు, అదేదో గొప్పయినట్టు.

తర్వాత ఆ దేశం ముక్కలైంది. రష్యా అన్నయ్యగారి (ఆ ఇంజనీరుగారిని నేను అలాగే అనేదాన్ని) దగ్గర్నుంచి ఎప్పుడైనా ఉత్తరం వస్తే మా పాస్టరుగారు చదివి చెప్పేవారు. దేశం విరిగిన కొత్తలో ఆకాశం చూసేవాళ్ళకి పండగేనట. ఇన్నాళ్ళూ గుసగుసలాడినవాళ్ళు వీధిలో నిలబడి చెప్పుకోవచ్చు, పేపర్లో వేసుకోవచ్చు. కానీ నోళ్ళు తెరుచుకోగానే అబద్ధాలే ఎక్కువైపోయాయి. వెలుగు తాకిన నీళ్ళని సీసాల్లో అమ్మేవాడొకడు, పైలోకంవాళ్ళు నాతో మాట్లాడారని సభలు పెట్టేవాడొకడు. నిజంగా కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళకి మాత్రం కూర్చోడానికి గది లేకుండా పోయింది. జీతాలు ఆగిపోయాయి. ఒకాయన టాక్సీ తోలుకున్నాడు, ఒకాయన బజార్లో బంగాళాదుంపలు పెట్టుకున్నాడు. అన్నయ్యగారు దుర్భిణి అమ్మేసి భార్యకి మందులు కొన్నాడు. ఆవిడ పోయింది. దుర్భిణీ పోయింది. ఆ ఉత్తరం విన్న రోజు మా ఆయన అన్నం ముట్టలేదు.

ఇక్కడ మాత్రం ఏం తక్కువ? అప్పటికి మేం పెదపాడు దాటి కొల్లేటి అంచున మా ఊరు వచ్చేశాం. ఆయన రోజూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి రైసుమిల్లులో వెల్డింగు చేసేవారు. అక్కడ నలుగురైదుగురు పోగయ్యారు. ఆదివారం ఆరాధన కాగానే మిల్లు వెనక షెడ్డులో వీళ్ళ సంఘం. ఊక దుమ్ములో కూర్చుని ఆకాశం గురించి మాట్లాడుకునేవారు. ఒకసారి టీవీవాళ్ళు వచ్చి బోలెడు మర్యాదగా అడిగి, చూపించేటప్పుడు దయ్యాల సంగీతం వేసి, మా ఆయన ముఖం పక్కన పైలోకంవాడి పచ్చటి బొమ్మొకటి అంటించారు. అంతే, మిల్లుకి వెళ్తే, "ఏం బావగారూ, మీవాళ్ళు కిందికి దిగారా, పైనే ఉన్నారా?" అని హమాలీలతో సహా అందరికీ ఆటే. ఒక్కొక్కరే మానేసి, సంఘంలో ఆఖరికి మా ఆయన మిగిలారు.

ఆ రోజుల్లో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ సర్కారువాళ్ళు యంత్రాలతో తెగ్గొట్టిన ఏడు, డిసెంబరులో రష్యా అన్నయ్యగారు మా ఊరొచ్చాడు. మా ఆయన ఏలూరు స్టేషన్ నుంచి ఆటోలో తీసుకొచ్చారు. ముసలాడైపోయాడు. ఛాతీదాకా తెల్లటి గడ్డం. గుమ్మంలో నన్ను చూసి రెండు చేతులూ జోడించి, "ఏవండీ!" అన్నాడు. విశాఖపట్నంలో నేర్చుకున్న తెలుగులో మిగిలిందా ముక్కే. అన్నం కావాలన్నా ఏవండీ, దోమలు కుట్టినా ఏవండీ. మావాళ్ళంతా మంకీ టోపీలు పెట్టుకుని వణుకుతుంటే ఆయన పొద్దున్నే బోరింగు కింద కూర్చుని చన్నీళ్ళు పోసుకునేవాడు. ఆడవాళ్ళు బిందెలతో నిలబడి, "అయ్యో, ముసలాయనకి జ్వరమొస్తుందే" అని ఒకటే బాధ. రొయ్యలు కొనడానికొచ్చాడని కొందరూ, తెగ్గొట్టిన గట్లకి పరిహారం రాసుకోడానికొచ్చాడని కొందరూ అనుకున్నారు. ఒకామె చెరువు కాగితాలు కూడా పట్టుకొచ్చింది.

వచ్చిన పని మాత్రం వేరు. ఆయన ఆరేళ్ళ పిల్లాడప్పుడు వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో, మంచు పొలం మీద, మసకచీకట్లో ఒక ఎర్రటి వెలుగు చప్పుడు లేకుండా తేలుతూ పోవడం చూశాడు. పరుగెత్తుకెళ్ళి చెప్తే నాయనమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టి, నువ్వేం చూళ్ళేదు, ఎవరికీ చెప్పకు అందట. వెంటనే తలుపు గడియపెట్టి దీపం ఆర్పేసిందట. అంత పెద్దావిడ భయపడిందంటే అదేదో మామూలు వెలుగు కాదని ఆ పిల్లాడికి మనసులో పడిపోయింది. ఆ ఒక్కటీ మళ్ళీ చూడాలనే బతుకంతా వెతికాడు. కొల్లేటి మీద వెలుగులు కనపడతాయని మా ఆయన ఎప్పుడో రాయించారు. ఇక్కడా కనపడకపోతే ఇంక మానేస్తాను, ఓపిక లేదు అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి మా ఆయనకి ఒకటే దిగులు.

రోజూ సాయంత్రం పొద్దు వాలగానే కాలవగట్టు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నాకో పీట. ఫ్లాస్కులో టీ. నేను కొరమీను పులుసు పొయ్యి మీద వదిలేసి మరీ వెళ్ళి కూర్చునేదాన్ని. ఏదైనా దీపం కనపడితే అన్నయ్యగారు ముందు మా ఆయన్నే అడిగేవాడు. "అది చెరువు కాపలా షెడ్డులో బల్బు", "అది టవరు లైటు", "అది విమానం" అని మా ఆయన ఒక్కొక్కటీ తీసేసేవారు. ముందు నేల మీద వెతుకు, అక్కడ దొరక్కపోతేనే పైకి చూడు. విశాఖపట్నంలో సుద్దగీతల దగ్గర అన్నయ్యగారు నేర్పిన పాఠం అదే. ఆ సాయంత్రాలన్నీ అలా తీసివేతల్లోనే పోయాయి.

అన్నయ్యగారు వెళ్ళిపోవడానికి ముందు రోజు సాయంత్రం పొగమంచు బాగా దిగింది. నీళ్ళూ లేవు, గడ్డీ లేదు, అంతా పాలు ఒలికినట్టుంది. ఆ తెలుపు మీద, మనిషి ఎత్తుకి పైన, పళ్ళెమంత ఎర్రటి వెలుగు. చప్పుడు లేదు. మెల్లిగా తేలుతూ వస్తోంది. నా చేతిలో గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. అన్నయ్యగారు లేచి నిలబడ్డాడు. టోపీ తీసేశాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. ఇదే, నేను చూసింది ఇదే అని అన్నాడట. గడ్డం మీదుగా కన్నీళ్ళు.

అంతలో ఆ వెలుగు ఒకచోట కిందికి వంగి, కొంత దూరం పోయి, మళ్ళీ లేచింది. కొల్లేటి మీదుగా కరెంటు తీగ వెళ్ళేది సరిగ్గా అక్కడే. మా ఆయన నా వైపు చూశారు. నాకూ తెలిసిపోయింది.

మా చర్చి సంఘం కుర్రాళ్ళు క్రిస్మస్ ముందు కొల్లేటి లంకల్లో ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడతారు. పొడుగాటి వెదురు గెడకి రంగుకాగితాల నక్షత్రం కట్టి, లోపల బ్యాటరీ బల్బు పెడతారు. ఆ ఏడు ఎర్ర కాగితం అతికించిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే చెరువులు తవ్వినప్పట్నుంచీ వాళ్ళు గట్ల మీద ట్రాక్టరేసుకుని వెళ్ళేవారు. పడవ సంగతి అందరం మరిచిపోయాం. గట్లు పోయాయి కదా, నీళ్ళు మళ్ళీ కలిసిపోయాయి కదా, వాళ్ళు పడవెక్కుతారని మాకు తట్టనే లేదు. లంకకీ లంకకీ మధ్య గొంతు దాచుకోడానికి పాడరు కూడాను.

నేను మా ఆయన చొక్కా పట్టుకు లాగాను. "ఏవండీ, చెప్పకండి. ఆ ముఖం చూడండి ఒకసారి. అలాగే వెళ్ళనివ్వండి."

"ఎలా చెప్పకుండా ఉంటానే?"

"ఎవరికి నష్టమండీ? ముసలాయన సంతోషంగా పోతాడు."

"ఆయనకి అబద్ధాలు అమ్మినవాళ్ళు అక్కడే బోలెడుమంది ఉన్నారు. నా దగ్గరికొచ్చింది అందుకు కాదు."

వెళ్ళి అన్నయ్యగారి భుజం మీద చెయ్యి వేశారు. టార్చి వేసి, తడిమట్టి మీద పుల్లతో ఒక పడవ గీశారు, పడవలో మనుషుల్ని గీశారు, గెడ గీశారు, చివర నక్షత్రం గీశారు. చేతిలో డోలక్ వాయిస్తున్నట్టు చూపించారు. అన్నయ్యగారు ఒంగి ఆ బొమ్మ చూశాడు. తర్వాత అక్కడే గట్టు మీద చతికిలపడి, టోపీలో ముఖం దాచుకున్నాడు. నాకు మా ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. నేనూ వెళ్ళి అన్నయ్యగారి పక్కనే కూర్చున్నాను. టీ పోసి ఇచ్చాను.

టీ తాగి ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన ఆగి ఆగి నాకు తెలుగులో చెప్పారు. వాళ్ళ ఊళ్ళల్లో కూడా పండక్కి కర్రకి నక్షత్రం కట్టుకుని, లోపల కొవ్వొత్తి పెట్టుకుని ఇల్లిల్లూ పాడుకుంటూ తిరిగేవారట. అక్కడి సర్కారువాళ్ళు వద్దన్నారు. తిరిగితే పట్టుకెళ్ళేవారు. అయినా కొందరు పొలాలకడ్డంపడి, ఊరు దాటేదాకా పాడకుండా వెళ్ళేవారని పెద్దయ్యాక ఎక్కడో విన్నాడు. విన్నాడు గానీ రెండూ కలపలేదు. నాయనమ్మ తన నోరు మూసింది ఆకాశానికి భయపడి కాదు. ఆ గెడ పట్టుకున్నవాళ్ళెవరో ఆవిడకి తెలుసు.

"ఇన్నేళ్ళూ పైకే చూశాను," అన్నాడట. "తెలిసినావిడ పొయ్యి దగ్గరే కూర్చుని ఉండేది. ఒక్కసారి అడగలేదు."

ఈలోగా పడవ గట్టుకి దగ్గరైంది. మంచులోంచి బయటపడ్డ కుర్రాళ్ళు తెల్లగడ్డం మనిషిని చూసి బిగుసుకుపోయారు. ఒకడు మాత్రం, "ఒరేయ్, మనకంటే ముందే క్రిస్మస్ తాత వచ్చేశాడ్రా!" అని అరిచాడు. అందరం నవ్వాం. అన్నయ్యగారికి అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు. లేచి, ప్యాంటుకంటిన మట్టి దులుపుకుని, గెడ వైపు చెయ్యి చాపి, "ఏవండీ?" అని అడిగాడు.

ఇచ్చారు. ఆయన ఎక్కితే పడవ ఒక పక్కకి ఒరిగి, కుర్రాళ్ళతో వచ్చిన మా పాస్టరుగారు యేసయ్యా అని గట్టిగా పిలిచారు. సర్దుకున్నాక మేమిద్దరం కూడా ఎక్కాం. పులుసు సంగతి నాకు గుర్తే లేదు, తర్వాత చూస్తే గిన్నె మాడి బొగ్గయింది. పక్క లంక చేరగానే కుర్రాళ్ళు పాట ఎత్తుకున్నారు. అది అయ్యాక ఆయన రెండు చేతులతో గెడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్న పాట ఏదో రెండు వరసలు పాడాడు. మూడోది రాలేదు. డోలక్ వాయించే కుర్రాడు ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు, గుర్తొస్తుందేమోనని. రాలేదు. అయినా వాకిట్లో నిలబడ్డ ముసలమ్మలు చక్కిలాలు ముందు ఆయన జేబుల్లోనే పోశారు.

మర్నాడు ఏలూరులో రైలెక్కించాం. ఇంక ఈ వెతుకులాట మానేస్తారా అని మా ఆయన భయంభయంగా అడిగారు. ఎందుకు మానెయ్యాలి, ఒకటి తీసేశాం, మిగిలినవి చూడాలి కదా అన్నాడట. రైలు కదిలాక మా ఆయన ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. "మీరే కదా చెప్తానన్నారు," అన్నాను. "చెప్పడం వేరు, చెప్పాక బతకడం వేరు," అన్నారు. అప్పటిదాకా ఆయనకి ఆకాశం పిచ్చని అనుకున్నాను. ఆ బల్ల మీద నాకు తెలిసింది, ఆయనకి మనుషుల పిచ్చి.

ఆ అన్నయ్యగారు తర్వాత ఎక్కువకాలం లేడు. కూతురు కబురు చేసింది. మా ఆయన మాత్రం గట్టు మీద రెండు కుర్చీలూ వేసే కూర్చునేవారు, నన్ను పీట మీద నుంచి కుర్చీలోకి మార్చారు. ఆరేళ్ళప్పుడు చూసిన దానికి అర్థం తెలియడానికి ఆ మనిషికి నెత్తి నెరవాల్సి వచ్చింది. నా పక్కన ఇన్నేళ్ళు కూర్చున్న మనిషిని నేను పూర్తిగా చూడ్డానికి ఇంకెంతకాలం పడుతుందో తెలీదు, కాలమైతే నాకింకా కాస్త మిగిలే ఉంది.

చాలమ్మా, చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. ఏదీ, ఇప్పుడు నువ్వు చదువు, నేను వింటాను. గబగబా చదవకు.