మాల్‌సుక్ ఈల

బు మాల్‌సుక్ శంఖాలు ఏరడానికి సముద్రంలో మునిగిందంటే, ఒడ్డున ఆవిడ మొగుడు నూడుల్స్ వండుకుని తిని, గిన్నె కడిగి, ఓ కునుకు తీసి లేచేవాడని కొరియాలోని జేజు దీవిలో చెప్పుకుంటారు. అప్పుడు తేలి ఈల వేసేది. బిగబట్టిన ఊపిరి వదిలే ఈల అది, ఎవరి ఈల వారిదే. మాల్‌సుక్ ఈలకి ఒడ్డున కుక్కలు లేచి నిలబడేవి. కుక్కల మాట కొంచెం కల్పించిందే అయినా, ఈల మాట నిజం.

ఆ ఊపిరి వల్లే ఆవిడ మునిగే ఆడవాళ్ల లోతు నీళ్ల జట్టులో ముందుండేది. ఊపిరి తగ్గినవాళ్లు ఒడ్డు పక్కన నాచు పీక్కోవాలి.

అరవై దగ్గరపడేసరికి రబ్బరు సూటు జిప్పు నడుం దగ్గర మొరాయించింది. అదీ చలిమంట చుట్టూ అందరూ చూస్తుండగా.

"అక్కా, లోపల బావని కూడా దాచావా ఏంటి?" అంది చున్‌జా. పక్కనే మునిగే నేస్తం, నోరు మాత్రం కత్తెర. "సూట్లాయన వస్తాడుగా, కొలతలిచ్చుకో."

కొలత తీస్తే ఆయన అంకెను ఊరంతా వినేలా అరుస్తాడు. ఆ భయంతోనే మాల్‌సుక్ టీవీలో చూసిన సన్నబడే బిళ్లలు తెప్పించింది. అంతా మూలికలేనట, డాక్టరు చీటీ అక్కర్లేదట.

వేసుకున్నది మొదలు కాలు ఒకచోట నిలవలేదు. ఆకలి చచ్చింది, నిద్ర పోయింది. తుడిచిన నేలనే మళ్లీ తుడిచింది, కిమ్‌చీ పచ్చడి జాడీలు అటువి ఇటు మార్చింది. గుండె డప్పులా మోగుతుంటే, మందు పనిచేస్తోందనుకుంది. జిప్పు ఎక్కింది, సూటు వదులైంది కూడా.

నడుముకి కట్టే సీసపు దిమ్మల సంగతే మరిచింది. ఒళ్లు పెరిగినప్పుడల్లా తేలిపోకుండా దిమ్మ కలిపేది. తగ్గితే తీయాలని తట్టలేదు. ఆ జట్టులో కలిపినవాళ్లే గానీ తీసినవాళ్లు లేరు.

ఆ రోజు రాయిలా దిగింది. ఇంత సులువా అని మురిసింది. పైకి తిరిగితే ఒళ్లు లేవలేదు. ఉన్న కాస్త ఊపిరినీ గుండె దడే మింగేసింది. కాళ్లు కొట్టుకుంటూ ఎలాగో తేలింది. వచ్చిన ఈల పగిలిన కెటిల్ కూతలా ఉంది.

దూరంగా ఉన్న చున్‌జా తలెత్తింది. "ఇది మా అక్క ఈల కాదే!" అంటూ ఈదుకొచ్చి, నడుం పట్టీ విప్పేసింది. సీసం అడుక్కి పోయింది, మనిషి మిగిలింది.

మందుల షాపులో అమ్మాయి డబ్బా చదివి మొహం చిట్లించింది. "అమ్మమ్మగారూ, వీటిని తిండి సరుకుగా అమ్ముతారు. మందులకు చేసే పరీక్షలు వీటికి ఉండవు. కాఫీలో ఉండే సరుకే ఇందులో బోలెడుంది. మా దగ్గర బీపీ మాత్రలు కొంటారుగా, మీకు ఇవి ప్రమాదం. ఒళ్లు తగ్గింది కూడా తిండి మానేసినందుకే అయ్యుంటుంది."

"నా ఊపిరి తిరిగొస్తుందా?"

"ఆపండి. డాక్టరు చూసి చెప్పేదాకా నీళ్లలోకి దిగకండి."

మాల్‌సుక్ ఒడ్డున కూర్చుని, మోకాళ్లు ఆడిస్తూ, అందరి ఈలలూ విన్నది. ఓరోజు చున్‌జా వచ్చి ఆవిడ చెవిలో గొణిగింది. "అక్కా, ఆ డబ్బాలో ఏమన్నా మిగిలాయా?"

డబ్బా చలిమంటలో పడింది.

చివరికి డాక్టరు సరేనన్నాడు. సూట్లాయన అంకె అరిచాడు, అందరూ నవ్వారు. మాల్‌సుక్ కొత్త సూటు తొడిగి, దిమ్మలు సరిచూసుకుని మునిగింది. తేలి ఈల వేసింది. మునుపటంత పొడుగు లేదు. కుక్కలు లేవలేదు గానీ, అది అక్క ఈలేనని చున్‌జా తలెత్తి చూడకుండానే మళ్లీ మునిగింది.