పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో రాజమండ్రిలో కౌన్సిలింగ్ అంటే ఇంజనీరింగ్ సీట్ల పంపకం. అందుచేత 2002లో మిషను ఆసుపత్రివారు ఏడో నంబరు గదికి ఆ పేరుతో బోర్డు తగిలించగానే, మొదటి వారమంతా ర్యాంకు కార్డులు పట్టుకున్న తండ్రులే వచ్చారు. రాజరత్నం గారు వాళ్లనీ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా విని, మెకానికల్ మంచిదో సివిల్ మంచిదో తనకు తెలియదని సవినయంగా ఒప్పుకుని సాగనంపారు.

ఆయన మిషను హైస్కూల్లో సోషల్ చెప్పి, ఆ బడి మూతపడ్డాక మద్రాసులో శిక్షణ పొంది ఈ గదికి వచ్చిన మాస్టారు. ఎయిడ్స్ రక్తపరీక్షకు వచ్చినవాళ్లతో పరీక్షకు ముందు కాస్త, ఫలితం వచ్చాక మరికాస్త మాట్లాడాలి. ఆ మాట మూడో చెవిన పడకుండా చూడాలి. ఉద్యోగం అంతే.

ఏసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి విని తలలూపేవాళ్లు చర్చి సంఘంలో చాలామంది ఉన్నారు. రాజరత్నం గారు దాన్ని అమలు చేస్తారు. అదే చిక్కు. గది తనే ఊడ్చుకునేవారు. కుషను కుర్చీ వచ్చినవాళ్లకిచ్చి తాను స్టూలు మీద కూర్చునేవారు. అటెండరు గంగరాజు చాలాకాలం ఓర్చుకుని, ఒకనాడు చీపురు పట్టుకు లాగాడు.

"మీరూడిస్తే నాకు జీతం ఎందుకిస్తారండి? రేపు సూపర్నెంటు గారికి ఇదే డౌటొస్తే నా గతేంటండి?"

"ప్రభువు చేసిన పనే కదయ్యా, గంగరాజూ."

"ప్రభువుకి అటెండరు లేడండి మరి!"

రాజరత్నం గారు ఈ వాదాన్ని ఒప్పుకున్నారు. చీపురు మాత్రం వదల్లేదు.

ఆయన సంఘంలోనే ఉండే లారీ డ్రైవరు శ్యాంబాబు ఒకనాడు ఎడతెగని దగ్గుతో ఆ గదికి వచ్చాడు. రక్తంలో ఆ జబ్బే ఉందని విన్నాక అతనికి ముందు భార్యే గుర్తొచ్చింది.

"రెబెక్కాకి నేనే చెప్తానండి. ఇంకెవరి నోటా వినకూడదండి ఆవిడ."

"ఆవిడకీ పరీక్ష చేయించాలి బాబూ. ఎక్కువ ఆగడానికి లేదు."

"ఆయ్. చెప్తానండి. ధైర్యం రావాలి కదండి."

ధైర్యం రాలేదు. ఒక వారం మేనత్త వచ్చింది, ఇంకో వారం చంటిదానికి జ్వరం. ప్రతి వారం వచ్చి, ఇంకా చెప్పలేదని చెప్పి, తల దించుకుని వెళ్లేవాడు. రాజరత్నం గారికి అన్నం సయించడం మానేసింది. ఏం జరిగిందని అడిగిన భార్య సంపూర్ణమ్మ గారికి కూడా ఒక్క ముక్క చెప్పలేదు.

వాళ్ల సంఘంలో ఆదివారం ఆరాధనలో రోగుల కోసం పేరుపేరునా ప్రార్థించాలి. 'రోగులందరినీ' అని టోకున తేల్చేస్తే సోమవారం పొద్దున్నే ఎవరో ఒకరు పాస్టరు గారింటికి వచ్చి, తన మోకాళ్ల సంగతి దేవుడికెలా తెలుస్తుందని నిలదీస్తారు. అందరిలోకీ బాగా ప్రార్థించేది రాజరత్నం గారే. కళ్లు మూసుకుంటే ఆయనకు ఎదుట దేవుడు తప్ప ఎవరూ ఉండరు. మైకు కూడా ఉండదు. అది తన మానాన తాను అక్కడే ఉంటుంది.

ఆ ఆదివారం సుబ్బాయమ్మ గారి మోకాళ్లు, ఇంకొకరి షుగరు, మరొకరి కోర్టు వ్యవహారం దేవునికి విన్నవించాక ఆయన ఇంకో పేరెత్తారు.

"తండ్రీ, నీ దాసుడు శ్యాంబాబుని జ్ఞాపకం చేసుకో. తన భార్యతో నిజం చెప్పుకునే ధైర్యం అతనికి దయచేయి."

జబ్బు పేరు అనలేదు. అనక్కర్లేదు. ఆయన ఏ గదిలో పనిచేస్తారో సంఘమంతటికీ తెలుసు.

ఆమెన్ వినపడకపోయేసరికి కళ్లు తెరిచారు. అందరి తలలూ స్త్రీల వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ చాప మీద రెబెక్కా చంటిపిల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది. మగవాళ్ల వైపు శ్యాంబాబు కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

రాజరత్నం గారు ఆ రహస్యం ఏ మనిషికీ చెప్పలేదు. దేవుడికి చెప్పారు, మూడొందల మంది వింటుండగా.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లారు. రెబెక్కా గుమ్మంలోనే నిలబడింది.

"దేవుడికి చెప్పుకోవాలంటే మీ ఇంట్లో చెప్పుకోవచ్చు కదండీ మాస్టారూ. మైకెందుకండి?"

"తప్పయిపోయిందమ్మా."

"ఆయన లారీ ఎక్కి ఎటో పోయారండి. ఎక్కడని వెతకనండి నేను? పరీక్ష నేనూ చేయించుకోవాలంట కదా, చేయించుకుంటాను. మీ గదిలో మాత్రం కాదు."

వేరే ఆసుపత్రిలో చేయించుకుంది. ఆ ఫలితం ఆమెది, ఇక్కడ రాయడానికి లేదు.

రాజరత్నం గారు సూపరింటెండెంటు దగ్గరికి తనే వెళ్లి జరిగింది చెప్పి, చివాట్లు తిన్నారు. ఆ స్టూలు మీద కూర్చోవడానికి ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఉద్యోగం మిగిలింది. సంఘ పెద్దలు మాత్రం ఆయన్ను ఎంతో ఓదార్చారు. ప్రార్థనలో తప్పేముంది, భావం చాలా బాగుందన్నారు. మరుసటి ఆదివారం రెబెక్కా కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోకపోవడం ఆ పెద్దల దృష్టికి రాలేదు. సంపూర్ణమ్మ గారు లేచి వెళ్లి పక్కన కూర్చున్నారు. రెబెక్కా కాస్త పక్కకి జరిగింది.

వానాకాలంలో ఎవరో శ్యాంబాబుని ఆటోలో తెచ్చి ఆసుపత్రి మెట్ల మీద దింపి వెళ్లారు. మనిషి సగమయ్యాడు. రాజరత్నం గారు ఒళ్లు తుడిచారు, దుప్పట్లు మార్చారు, బెడ్‌పాన్ ఎత్తారు. ఈసారి గంగరాజు జీతం మాట ఎత్తకుండా వేణ్ణీళ్లు మోసుకొచ్చాడు. శ్యాంబాబు గోడవైపు తిరిగే ఉన్నాడు. రెబెక్కా రోజూ క్యారేజీ తెచ్చి, గంగరాజు చేతికిచ్చి, వరండాలో కూర్చుని, ఖాళీది పట్టుకుని వెళ్లేది. భర్త రమ్మనలేదు, ఆమె లోపలికి వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం గోడవైపు నుంచే పిలుపు వచ్చింది.

"మాస్టారూ."

"చెప్పు బాబూ."

"రెబెక్కాని పిలవండి. మీరు బయటికెళ్లండి. ఆవిడకి నేను చెప్పాలండి."

ఆవిడకి తెలుసు కదా బాబూ అన్న మాట రాజరత్నం గారి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశారు. వరండాలోకి వచ్చారు.

"అమ్మా, నీతో ఏదో చెప్పాలంటున్నాడు."

రెబెక్కా తలెత్తింది. "ఏంటంటండి?"

"నాకు తెలీదమ్మా."

ఆమె ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. క్యారేజీ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, లోపలికి వెళ్లి తలుపు చేరవేసుకుంది.

అంతలో పాస్టరు గారు వచ్చారు.

"రెండు నిమిషాలు ప్రార్థించి వెళ్తానండి."

"ఇప్పుడు కాదండి, అయ్యగారూ."

"ప్రార్థనకి ఇప్పుడూ అప్పుడూ ఏంటండీ? మీరేనా అనేది!"

ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని రాజరత్నం గారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. లోపల నుంచి దగ్గు, దాని వెనక శ్యాంబాబు గొంతు.

"రెబెక్కా, నీకో మాట చెప్పాలి."

"చెప్పండి," అందామె, అప్పుడే మొదటిసారి వినబోతున్నట్టు.

ఆయన పాస్టరు గారి చెయ్యి పట్టుకుని, ఆ తర్వాతి మాట వినపడనంత దూరం తీసుకుపోయారు.