సారుకు వద్దన్న ఐస్ బాక్సు

మొన్న మే నెలలో ఒక పొద్దున టీకొట్టు భాయ్ మా గుమ్మం ముందు నిలబడి, "సారు పోయినాడమ్మా. టీకి రాలేదని పోయి చూస్తి. నిద్రలోనే పోయినట్టుండాడు" అన్నాడు.

మైదుకూరు హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన మనిషి, తర్వాత మా పక్కింటాయన. ఆయన మంచితనం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆయన పగ గురించి చెప్తాను. అది నా పగ కూడా.

మూడేళ్ల కిందట ఆయన భార్య పక్షవాతంతో మంచాన పడింది. ఆమెను నేను అమ్మా అనే పిలిచేదాన్ని. చెమటకు వీపంతా పుండ్లు పడుతుంటే, గది చల్లగా ఉంచమన్నారు డాక్టరు. సారు ఏసీ కోసం బజార్లో ఒక షోరూముకు పోయారు. ఓనరు గది చూడలేదు, చూడటానికి మనిషినీ పంపలేదు. "చిన్న గదే కద సార్, ఒక టన్ను చాలు" అని అంటగట్టాడు. సారుది బండల మిద్దె. మధ్యాహ్నానికి పైన బండలు పెనంలా కాలతాయి. ఉన్న కాస్త చల్లదనం బండల సందుల్లోంచి పోతుంది.

పది రోజులకే ఆ మిషను వేడిగాలి ఊదింది. షోరూము మెకానిక్కు వచ్చి, గ్యాస్ అయిపోయిందని నింపిపోయాడు. వారానికి మళ్లీ అదే పాట. మూడోసారి సారు ఫోన్ చేస్తే ఓనరు, "మీకు రిమోటు నొక్కేది తెల్యదేమో సార్" అని నవ్వాడట. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషిని! ఆ నెలంతా నేనూ సారూ వంతులేసుకుని అమ్మ వీపుకు తడిబట్ట వేశాం. వానలు రాకముందే ఆమె పోయింది. ఏసీ ఆడితే బతికేదని నేననను. చల్లగా పోయేది. ఆ మాత్రం కూడా దక్కనివ్వలేదు.

కర్మ అయిన మరునాడు సారు నిచ్చెన ఎక్కి, రాగి పైపు అతుకు మీద సబ్బు నురగ పూశారు. బుడగలు లేచాయి.

"చూస్తివామ్మా? గ్యాస్ ఏమన్నా కిరసనాయిలా, మండి అయిపోయేదానికి? తగ్గిందంటే యాడో కారతాండాది. కారేచోటు చూడకుండా నింపేటోడు దొంగ" అన్నారు. స్పానరుతో నట్టు ఒక్క తిప్పు బిగించారు. ఒక్క తిప్పు! ఆ మెకానిక్కు చేతులు విరిచేయాలనిపించింది నాకు.

సారు పగ వేరే రకం. వేసవి సాయంత్రాలు షోరూము ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చునేవారు. లోపలికి పోబోయేవాళ్లను పిలిచి, "టన్నుల మాట తర్వాతప్పా. నీ గది పైన ఏముండాది? ఇంకో ఇల్లా, ఉత్త మిద్దెనా? పడమర గోడకు ఎండ తగుల్తాదా? సందులు పూడ్పిచ్చి, మిద్దెకు సున్నం కొట్టిచ్చి, అప్పుడు రాపో" అనేవారు. చాలామంది అటునుంచి అటే ఇంటికి పోయేవారు. ఓనరు అద్దంలోంచి చూస్తే, సారు లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారం చూడటం కోసమే నేను అప్పుడప్పుడు టీకి పోయేదాన్ని.

ఆయన పోయిన పొద్దున, ఎండ ఎక్కుతుండగా, ఆటోలో ఐస్ బాక్సు వచ్చింది. శవాన్ని ఉంచే అద్దాల పెట్టె. దాని నిండా ఎర్ర అక్షరాల్లో షోరూము పేరు. వెనకే బైకు మీద ఓనరు.

"ఊరికేనే పెట్టుకోండమ్మా. పాతవన్నీ మర్సిపోదాం. సారు తమ్ముడు చెన్నై నుంచి రావాలంట కదా, రాత్రి దాకన్నా ఆగాల" అన్నాడు.

మాట సబబైనదే. పిల్లల్లేని ఇల్లు కాబట్టి అందరూ నా మొహం చూశారు.

"బతికుండే మనిషికి చల్లగాలి ఇయ్యకపోతివి. ఇప్పుడు శవం మీద నీ పేరు రాసుకుంటావా? తీస్కపో" అన్నాను.

పెట్టె వచ్చిన ఆటోలోనే తిరిగిపోయింది. ఆ ఎండకు ఆగే వీల్లేక, మధ్యాహ్నానికే సారును తీసుకుపోయారు.

పొద్దుగూకే వేళకు తమ్ముడు దిగాడు. జరిగింది విని నా వైపు తిరిగాడు.

"మా అన్న మొగం చూడనీకపోతివి. ఇప్పుడు నీ కడుపు చల్లబడెనామ్మా?"

"చల్లబడిందన్నా" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

ఆయన దీపం పక్కన, సారు తల ఉంచిన చోట అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. పైబండల వేడి ఇంకా దిగుతూనే ఉంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయినా ఆయన అక్కడినుంచి లేవలేదు.